పాడె ముందు చిల్లర

మొన్న మా దుకాణం ముందు నుంచి ఒక శవయాత్ర పోయింది. పాడె ముందు నడుస్తున్నాయన పేలాలూ చిల్లరా కలిపిన సంచిలో చెయ్యి పెట్టి, కోళ్ళకు గింజలు వేసినట్టు పిడికిళ్ళతో విసురుతున్నాడు. కొన్ని బిళ్ళలు బొగ్గు లారీ చక్రాల కిందికి పోయాయి. ఒకటి వచ్చి నా షోకేసు అద్దానికి తగిలింది. "గట్ల కాదు, చెయ్యి కిందికి వెట్టి ఇడువు" అన్నాను, నాకు తెలియకుండానే. అన్నాక గానీ తెలియలేదు, అది నా మాట కాదని. పోయిన చలికాలంలో వెళ్ళిపోయిన ఒక మనిషి మాట అది. ఆ రోజు ఇక పని సాగలేదు. విప్పిన గడియారాన్ని విప్పినట్టే బల్ల మీద వదిలేసి కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. రాసే అర్హత నాకు లేదనిపిస్తుంది. మణుగూరులో సగం మంది ఆయన్ని కాకా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మెడ ఒక పక్కకు వంచి నడిచేవాడు. బాయిలో తలకు తగిలే కప్పు కింద ఏళ్ళ తరబడి నడిచిన అలవాటు, పైకి వచ్చాక కూడా పోలేదు. ఆయన చేతి గడియారం ఎప్పుడూ ముందుకు పరుగెత్తేది. సరిచేస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. "ముందుంటెనే షిఫ్టు అందుతది భాయ్" అనేవాడు. రిటైరైన మనిషికి షిఫ్టేమిటని నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఆయన పట్టించుకోలేదు.

మా ఊళ్ళో ఎవరు పోయినా మొదటి కబురు చుట్టాలకు, రెండోది కాకాకు వెళ్ళేది. పాడె ముందు నడిచి చిల్లర చల్లేది ఆయనే. కూలికి చేసే పని కాదది. ఎవరూ అప్పగించలేదు కూడా. ఎప్పుడో ఒక చావులో చల్లేవాడు తాగి తూలుతుంటే సంచి లాక్కున్నాడట, అంతే, ఆ సంచి మళ్ళీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. తెల్ల తువ్వాలు నడుముకు బిగించి, మూడు వేళ్ళతో చిల్లర తీసి, నడుము ఎత్తు దాటకుండా రోడ్డు అంచున జారవిడిచేవాడు. నడిరోడ్డు మీద వేస్తే ఏరుకునేవాళ్ళు లారీల కింద పడతారని ఆయన భయం. వయసు మీరి పోయినవాళ్ళ చిల్లర ఇంట్లో ఉంటే ఆయుష్షని కొందరు ఏరుకునేవాళ్ళు. ఆకలికి ఏరుకునేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. ఎవరు ఏ రకమో వాళ్ళు నిలబడిన తీరును బట్టే కాకా పోల్చుకుని, రెండోరకం వాళ్ళ వైపు చెయ్యి కాస్త ఎక్కువగా విప్పేవాడు.

పెళ్ళిళ్ళంటే ఆయనకు పడేది కాదు. "ఫొటో దిగుమంటరు, నవ్వుమంటరు, యాష్ట" అనేవాడు. చావులకు మాత్రం సినిమా చూసి వచ్చినవాడిలా తీర్పులు చెప్పేవాడు.

"నిన్నటిది ఎట్లయింది కాకా?" అని అడిగితే చాలు.

"డప్పులు మంచిగ కొట్టిండ్రు. పాడె వంకర. కొడుకులు ఏడ్సుడు తక్కువ, ఫోన్లు సూసుడు ఎక్కువ. దినాల కూర ఎట్లుంటదో సూడాలె."

దినాలకు వెళ్ళి కూర తిని, ఉప్పు తక్కువైందని వచ్చి నాకే చెప్పేవాడు. రూపాయి దగ్గర ఎంత పిసినారంటే గడియారం బెల్టు తెగితే గోనెసంచి దారంతో కుట్టుకుని వచ్చి, "సూడు, నీ కంటె మంచిగ కుట్టిన" అని నా మీదే ఎకసెక్కం ఆడేవాడు. చాయ్ తాగుతావా కాకా అంటే "పైసలు నీవైతే తాగుత" అనేవాడు. అంతటి మనిషి చావు చిల్లర విషయంలో మాత్రం చేతికి ఎముక లేనట్టు ప్రవర్తించేవాడు. అది చెప్పాలంటే ముందు నా సంగతి, మా బజారు సంగతి చెప్పాలి.

మాది గడియారాలు బాగుచేసే దుకాణం. మా దాదా పెట్టాడు, అబ్బా నడిపాడు, నేను కూర్చుని ఈగలు తోలుతున్నాను. ఇప్పుడు గడియారాల కంటే సెల్‌ఫోన్ కవర్లే ఎక్కువ అమ్ముడుపోతాయి. మధ్యాహ్నం ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా గోడ మీది గడియారాలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడతాయి, నా దగ్గర ఉన్న సందడి అదొక్కటే. మా బజారులో ప్రతి దుకాణంలోనూ గల్లాపెట్టె పక్కన ఇంకొక చిన్న డబ్బా ఉంటుంది. ఎవరూ తీసుకోని బిళ్ళలు అందులో పడేస్తాం. అరిగిపోయినవి, వంగినవి, ముద్ర సరిగా పడనివి, అసలు ముద్రే లేనివి. కండక్టరు తీసుకోడు, కూరగాయలామె తీసుకోదు. ఊళ్ళో చావు అయితే ఇంటివాళ్ళు నోటు పట్టుకుని చిల్లర కోసం వస్తారు. అప్పుడు ఆ డబ్బా ఖాళీ అవుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు చిల్లర తిప్పి చూసుకోరు. చచ్చినవాడు అసలే చూసుకోడు. ఇందులో పాపం ఉందని మా బజారులో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఒక చావు జరిగిన సాయంత్రం కాకా తడి బట్టలతో వచ్చి నా దుకాణం మెట్టు కింద నిలబడ్డాడు. పైకి రాలేదు. చెయ్యి చాపి అద్దం మీద ఒక బిళ్ళ టక్కున పెట్టాడు.

"ఇది నీ దుకాణంల ఇచ్చిందేనా?"

"ఏంది కాకా?"

"దీని మీద బొమ్మేది? అంకేది? గుడ్డి బిళ్ళ. సచ్చినోని పేరు మీద గుడ్డి బిళ్ళ ఇస్తవా భాయ్?"

నాకు ఒళ్ళు మండింది. బజారంతా చేసే పనికి నన్నొక్కణ్ణే నిలదీస్తున్నాడని. "చల్లేదే గదా కాకా, దుకాణంల ఇచ్చేదా ఏంది?" అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. ఆయన అరిచి ఉంటే నేను ఇంకా అరిచేవాణ్ణి. "ఇయ్యాల ఒక ముసల్ది ఏరుకున్నది. ఏరుకొని పోయి అటుకుల దుకాణంల ఇచ్చింది. ఆడు దాని మొకం మీద ఇసిరి కొట్టిండు. పీనుగ పైసలు, అయ్యి గూడ గుడ్డియి తెస్తవా అన్నడు. అందరు నవ్విండ్రు. అది మా ముందల నుంచే పోయింది, తలకాయ దించుకొని. సచ్చినోని చేతి ఆఖరి దానం గదా భాయ్ అది. గదే చెల్లకపోతె ఇగ ఆయన ఏం ఇచ్చి పోయినట్టు?"

ఆయన కళ్ళు తప్పించడానికి, గడియారాలు చూసే అద్దం కంటికి పెట్టుకుని ఆ బిళ్ళను చూస్తున్నట్టు నటించాను. నటిస్తూనే నిజంగా చూశాను. అంచు చుట్టూ సన్నని గట్టు లేచి ఉంది. రుద్దిన గీతలు లేవు, అరగదీసిన జాడ లేదు. టంకశాలలో అచ్చు కింద పడకుండానే మిగతావాటితో కలిసి బయటికి వచ్చేసిన అసలైన మొద్దు బిళ్ళ. ఇలాంటివాటిని సేకరించేవాళ్ళు ఉంటారనీ, బిళ్ళ విలువకు ఎన్నో రెట్లు పెట్టి కొంటారనీ నేను ఫోన్లో చూసి ఉన్నాను. ముద్ర లేనిదానికి ఒక ధర, పక్కకు జారినదానికి ఒక ధర, రెండుసార్లు పడినదానికి ఇంకొక ధర. తప్పు ఎంత పెద్దదైతే ధర అంత పెద్దది. లోకంలో ఇంకే సరుకుకూ ఈ అదృష్టం లేదు.

"తప్పయింది కాకా" అన్నాను. "ఇది నేను తీసుకుంటా, దీని బదులు మంచిది ఇస్తా. ఇట్లాంటియి ఎన్ని దొరికినా నా దగ్గరికే తెండి, మారుస్తా."

ఆయన ముఖం చూడాలి అప్పుడు. నేను మారిన మనిషినైనట్టు, తన మాటతో ఒక దుకాణదారుడికి బుద్ధి వచ్చినట్టు చూశాడు. చావు మైలతో మెట్టెక్కకూడదు గనక కిందనే నిలబడి దండం పెట్టాడు. ఆ దండం తీసుకున్నాను నేను. అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది.

అప్పటి నుంచి చావు ఇంట్లో పాడె కట్టేలోపల ఒక మూల తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడట. చిల్లర సంచి అందులో కుమ్మరించి, ఒక్కొక్క బిళ్ళా తిప్పి చూసి, గుడ్డివి ఏరి పక్కన పెట్టి, ఏరినన్ని మంచివి తన జేబులోంచి తీసి కలిపేవాడు. అందుకోసం రోజూ చాయ్ హోటల్లో, కిరాణా కొట్టులో మెరిసే చిల్లర అడిగి తీసుకుని దాచేవాడు. "జల్దీ కానీ కాకా, పొద్దు పోతాంది" అని ఇంటివాళ్ళు విసుక్కునేవాళ్ళు. "సచ్చినోనికి లేని తొందర నీకేందిర" అనేవాడు. మర్నాడు స్నానం చేసి, తల దువ్వుకుని, మా దుకాణానికి వచ్చి తువ్వాలు ముడి విప్పేవాడు.

"ఇగో, నీ సుట్టాలొచ్చిండ్రు" అనేవాడు.

నేను నవ్వుతూ తీసుకునేవాణ్ణి. రూపాయికి రూపాయి, రెండుకు రెండు, ఐదుకు ఐదు. ఆయన మంచి బిళ్ళలు తీసుకుని చాయ్ తాగి వెళ్ళాక, నేను అద్దం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. చాలావరకు పనికిరానివే. వంగినవి, ఎవరో సుత్తితో కొట్టినవి, బండ మీద రుద్దినవి. కానీ అప్పుడప్పుడూ ఒకటి తగిలేది. అది తగిలిన రోజు నాకు అన్నం రుచించేది. చుట్టుపక్కల ఇన్ని చావులు జరిగే ఊళ్ళో పుట్టినందుకు సంతోషించిన రోజులు కూడా ఉన్నాయి, అబద్ధం ఎందుకు. మొదట దాచుకోవడానికే తీసుకున్నాను. తరవాత ఖమ్మంలో సేకరించేవాళ్ళు కలుసుకునే చోటు తెలిసింది. ఆ తరవాత అమ్మడం మొదలైంది. మా ఇంటికి కొత్త రేకులు, దుకాణానికి కొత్త షట్టరు అలా వచ్చినవే.

కాకా నా గురించి ఊరంతా చెప్పుకునేవాడు. గడియారం భాయ్ ధర్మాత్ముడు, చెల్లని బిళ్ళ తీసుకుని చెల్లేది ఇస్తాడు, తన నష్టం చూసుకోడు, అని. మార్కెట్లో ఎవరో నన్ను పీనాసి తురకోడు అన్నందుకు అరటిపళ్ళ బండి దగ్గర నిలబడి పెద్ద గొడవ పెట్టుకున్నాడట. ఆ సంగతి నాకు ఆ పళ్ళబండివాడే చెప్పాడు. విన్న రోజు సిగ్గుతో రెండు ముద్దలు కూడా దిగలేదు. మర్నాడు కాకా ముడి విప్పితే మాత్రం చెయ్యి చాపాను.

చెప్పలేదని కాదు. ఒకసారి చెప్పబోయాను. నా మనసు నన్ను పీక్కు తింటున్న రోజు ఒకటి, "కాకా, గిసొంటి బిళ్ళలు కొనేటోళ్ళు గూడ ఉంటరు తెలుసా?" అన్నాను.

ఆయన చాయ్ గ్లాసు దించి నా వైపు అనుమానంగా చూశాడు. "గుడ్డిదాన్ని కొనేటోడు ఉన్నడంటె, ఆన్ని మోసం జేసేటోడు గూడ ఉన్నడన్నట్టు. నువ్వు గా పని జెయ్యకు భాయ్. పాపం తగుల్తది. పెంకలేసి కరగవెట్టు, పీడ పోతది."

"సరే కాకా" అన్నాను. ఇంకా చెప్పడానికి నోరు ఉంది, సమయం ఉంది, ఎదురుగా మనిషి ఉన్నాడు. కానీ చెబితే ఆయన తేవడం మానేస్తాడు. ఆ ఒక్క లెక్క నా తలలో అన్నిటికంటే ముందు నిలబడింది. చెప్పాను, ఆయనే వినలేదు అని చాలా కాలం నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

పోయేముందు రెండేళ్ళ నుంచీ దగ్గు ఎక్కువైంది ఆయనకు. బాయిలో పీల్చిన దుమ్ము ఊరికే పోదు. చిల్లర సంచి మోస్తూ నాలుగడుగులకొకసారి ఆగేవాడు. అయినా సంచి ఇవ్వడు. పోయిన వానాకాలం ఒక రోజు ముడి విప్పకుండానే స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాడు. కొత్తగూడెం దవాఖానా నుంచి అప్పుడే వచ్చాడట.

"భాయ్, నీకొక పని జెప్త, చేస్తవా?"

"చెప్పుండ్రి కాకా."

"నా సంచి నువ్వు ఏరాలె."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నేను పోయిననాడు మావోళ్ళు ఏడ్సుకుంట ఉంటరు. అల్లుడు చిల్లర తెస్తడు, ఏ దుకాణంల ఏది వోస్తె అదే తెస్తడు. ఆనికి కండ్లున్నయి గాని సూపు లేదు. నీకు అద్దం ఉన్నది. మనసు ఉన్నది. ఒక్కటి గూడ గుడ్డిది పోవద్దు భాయ్. ఊరందరి సంచులు ఏరిన, నాది నేను ఏరుకోలేను గదా."

మా జనాజాలో చిల్లర చల్లరు. మీ పద్ధతి నాకేం తెలుసు కాకా, ఇంటివాళ్ళు ఒప్పుకుంటారా అని నసిగాను. "మా ముసల్దానికి చెప్పి పెట్టిన. గడియారం భాయ్ వచ్చేదాక సంచి ఎవని చేతికీ ఇయ్యదు" అన్నాడు. చెయ్యి చాపాడు. నేను ఆ చేతిలో చెయ్యి వేశాను. బొగ్గు గీతలు చర్మం లోపలికి దిగి నీలంగా ఉన్న చెయ్యి. మాట ఇచ్చాను.

ఆయన పోయిన రోజు నేను ఖమ్మంలో ఉన్నాను. సేకరించేవాళ్ళు ఒక ఫంక్షన్ హాల్లో బల్లలు వేసుకుని కూర్చునే రోజు అది. నా బల్ల మీద కాకా ముడిలోంచి వచ్చిన మొద్దు బిళ్ళే ఉంది, అన్నిటికంటే మంచిది. ఐదు రూపాయల బిళ్ళ, రెండు వైపులా నున్నగా, అంచు చెక్కుచెదరకుండా. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన ఒకాయన దాన్ని తూకం వేసి, అద్దం పెట్టి చూసి, బేరం మొదలుపెట్టాడు. అప్పుడు ఫోను మోగింది. కాకా కూతురు.

"బాపు పోయిండు భాయ్" అంది. ఏడుస్తూనే, "అమ్మ నిన్ను జల్దీ రమ్మంటుంది. సంచి నువ్వే సూడాల్నంట" అంది.

"వస్తున్న బిడ్డా, బయల్దేరుతున్న" అన్నాను.

ఇంకా మధ్యాహ్నం కాలేదు. అప్పుడే బస్సెక్కితే అందుకునేవాణ్ణి. ఆ కొనే ఆయన, "భోంచేసి వచ్చి ఖాయం చేసుకుందాం, ఎవరికీ ఇవ్వకండి" అని బయటికి వెళ్ళాడు. కాసేపేగా అనుకున్నాను. బిళ్ళ పెట్టెలో పెట్టుకుని, లేచి, మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను. ఆ కూర్చోవడం, లేవడం నాకిప్పటికీ కలలో వస్తుంది. ఆయన తీరిగ్గా తిని, పాన్ వేసుకుని వచ్చాడు. బేరం ముగిసింది. ఎంతకో ఇక్కడ రాయను. డబ్బు లోపలి జేబులో పెట్టుకుని బస్‌స్టాండుకు పరిగెత్తాను. కొత్తగూడెం దాకా ఒక బస్సు, అక్కడ నుంచి ఇంకొకటి. దారంతా ఫోను మోగుతూనే ఉంది. మొదట ఎత్తి "వస్తున్న" అన్నాను. తరవాత ఎత్తలేదు.

ఇంటికి చేరేసరికి పందిరి కింద పేడనీళ్ళ తడి, చెల్లాచెదురుగా పూలు, అంతే ఉన్నాయి. పాడె లేచిపోయింది. చిన్నమ్మ, అంటే కాకా భార్య, గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. నన్ను చూసి లేవబోయింది.

"వస్తవు వస్తవు అని సూసినం బిడ్డా. సంచి ఒళ్ళె వెట్టుకొని కూసున్న. లేపనియ్యలే. ఇగ పొద్దు గుంకుతాంది, శవాన్ని ఎంతసేపు ఎదురుసూడవెడ్తవని పెద్దమనుషులు కోపానికొచ్చిండ్రు. అల్లుడు సంచి గుంజుకున్నడు."

ఆమే నాకోసం ఒక సాకు వెతికి ఇచ్చింది.

"బస్సు దొరకలేదా బిడ్డా?"

"దొరకలేదు చిన్నమ్మా" అన్నాను.

రోడ్డు మీదికి వచ్చాను. దూరంగా డప్పులు వినిపిస్తున్నాయి. రోడ్డు పొడుగునా పేలాలు, బంతిపూల రేకులు, వాటి మధ్య చిల్లర. అల్లుడు గుప్పిళ్ళతోనే విసిరినట్టున్నాడు, నడిరోడ్డు మీద కూడా ఉంది. నేను వంగి ఒక బిళ్ళ తీశాను. మంచిదే. మళ్ళీ అక్కడే పెట్టాను. ఇంకొకటి తీశాను. వంగినది. జేబులో వేసుకుని, నా దగ్గరున్న మంచిది దాని స్థానంలో పెట్టాను. అలా వంగుతూ లేస్తూ డప్పుల వెనక నడిచాను. కొంతదూరం సాగనంపి వెనక్కి తిరిగి వస్తున్నవాళ్ళు ఆగి చూశారు. "గడియారం భాయ్ గదా? ఏందిది, కాకా చావుల చిల్లర ఏరుకుంటాండు?" అని ఒకరు అన్నారు. ఇంకొకరు ఉమ్మేశారు. చెప్పడానికి నా దగ్గర ఏముంది? పైగా వంగిన ప్రతిసారీ నా కన్ను ముందు వెతుకుతున్నది గుడ్డి బిళ్ళనా, మంచి బిళ్ళనా, ఎందుకు వెతుకుతున్నది, అది నాకే తేలలేదు.

నా ముందు ఒకామె ఏరుకుంటోంది. మిరప తోటల్లో కాయలు ఏరే కూలిమనిషి. కొంగుకు ఎర్రటి మరకలు, పక్కన అన్నం టిఫిను. నన్ను చూసి కాస్త పక్కకు జరిగింది.

"నువ్వు గూడ ఏరుకో సేటు. అందరికుంటయి" అంది.

ఆమె అరచేతిలో ఉన్నవాటిలో ఒకటి చూశాను. రూపాయి బిళ్ళ. ముద్ర సగానికి పైగా పక్కకు జారి, ఒక వైపంతా నున్నగా ఉంది. కానీ సంవత్సరం అంకెలు మాత్రం తెగకుండా నిలిచాయి. అలా నిలవడం చాలా అరుదు. ఆ రోజు నేను అమ్మినదానికంటే మేలైనది ఇది. కాకా సంచిలోంచి, ఎవరూ ఏరని సంచిలోంచి పడింది.

"అమ్మా, అది గుడ్డిది. చెల్లదు. ఇగో మంచిది తీస్కో, అది నాకియ్యి" అన్నాను. అలవాటైన మాటలు, అలవాటైన గొంతు.

ఆమె బిళ్ళ వైపు చూసింది, నా వైపు చూసింది. పిడికిలి మూసింది.

"గుడ్డిది తీస్కొని మంచిది ఎందుకిస్తవ్? దీనికేందో రేటున్నట్టున్నది."

ఇన్నేళ్ళలో కాకాకు ఒక్కసారి రాని అనుమానం ఆమెకు ఒక్క క్షణంలో వచ్చింది. ఆయనకు ఎందుకు రాలేదో నాకు తెలుసు. నన్ను నమ్మాడు గనక. నాకు ఏడుపు వచ్చింది, రోడ్డు మధ్యలో, పేలాల మీద నిలబడి.

"ఉన్నది" అన్నాను. ఎంతో చెప్పాను. తక్కువ చేయకుండా చెప్పాను. ఆమె ఎగతాళి అనుకుని ముఖం తిప్పుకుంది. నేను లోపలి జేబులోంచి డబ్బు తీశాను, ఖమ్మంలో వచ్చినదంతా. ఆమె ఎదుట పట్టుకున్నాను. నోట్లు చూశాక ఆమె భయపడింది.

"పీనుగ పైసకు గింత ఇస్తరా? పోలీసోళ్ళు గిట్ల పట్టుకోరు గదా?"

"పట్టుకోరు. నీదే అది. నీకు పడింది. కావాలంటె నువ్వే పోయి ఖమ్మంల అమ్ముకో."

"నాకేడ తెలుస్తది ఖమ్మం" అంది. మెల్లగా పిడికిలి విప్పింది.

మాకు దూరంగా, దింపుడుకళ్ళం దగ్గర, పాడె దించారు. డప్పులు ఆగిపోయాయి. చెవి దగ్గర వంగి అల్లుడు "మామా" అని పిలవడం ఇంత దూరానికీ వినబడింది. ఆమె నోట్లు చేతిలో పట్టుకుని అటే చూస్తోంది.

"ఆయన సంచిదే గదా ఇది? పోయినాయనకెరికేనా ఈ సంగతి?" అంది. "ఎరికుండే చల్లమన్నడా?"

"మామా" అని రెండోసారి వినబడింది.

"అవ్, ఎరికే" అన్నాను.

"మారాజు" అంది ఆమె. నోట్లు కొంగున ముడేసుకుని, టిఫిను కింద పెట్టి, పాడె వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. బిళ్ళ అప్పటికే నా జేబులో ఉంది.